చర్మం నుంచి కంటికి రెండు దారులు

రెండు వైద్య నివేదికలను పక్కపక్కన పెట్టి చదువుదాం. మొదటిది 2012లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ ఆఫ్తల్మాలజీలో అచ్చయింది. రాసినవాళ్లు హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకు చెందిన వీరేందర్ సాంగ్వాన్, సయన్ బసు, డి. బాలసుబ్రమణ్యన్, వారితోపాటు ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ నుంచి షీలా మెక్‌నీల్. రెండోది 2017లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. అది జపాన్‌లోని కోబె నగరంలో మసాయో తకహాషి బృందం చేసిన పని. రెండూ మూలకణాలతో దెబ్బతిన్న కంటిని బాగుచేసే ప్రయత్నాలే. మొదటి నివేదికలో ఆరుగురు రోగులున్నారు. రెండోదాంట్లో కణాలు పెట్టించుకున్నది ఒక్కరే. ఆరుగురి కథ కంటి డాక్టర్ల మధ్యనే తిరిగింది. ఒక్కరి కథ మాత్రం పత్రికలో అచ్చుకాకముందే, 2014 సెప్టెంబరు 12న ఆపరేషన్ జరిగిన నాడే, ప్రపంచమంతటా పతాక శీర్షికలకెక్కింది.

ఆ సంబరానికి కారణం లేకపోలేదు. కోబెలో వాడిన కణాలు రోగి చర్మం నుంచి వచ్చాయి. ఒంటి మీది చర్మం కంటి లోపలి పొరగా మారిందంటే ఎవరైనా పనిమానుకుని వింటారు. హైదరాబాద్ నివేదికలో అలాంటి అబ్బురమేమీ లేదు. మంచి కన్ను అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, చిన్న తునకలు చేసి, పాడైన కంటి మీద అతికించారు. అంతే. కానీ నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో సున్నమో సిమెంటో పడి కన్ను పోగొట్టుకున్న మనిషి పక్కన నిలబడి చదివితే, ఈ రెండింటిలో ముందున్నది హైదరాబాదే అంటాను. ఆ మాట నిలబడాలంటే ముందు చర్మం దగ్గరికే వెళ్లాలి. రెండు దారులూ అక్కడే మొదలయ్యాయి.

1975లో అమెరికాలో హోవర్డ్ గ్రీన్, జేమ్స్ రైన్‌వాల్డ్ కలిసి మనిషి చర్మపు పైపొర కణాలను ప్రయోగశాలలో పెంచే కిటుకు కనిపెట్టారు. అంతకుముందు ఆ కణాలు పాత్రలో ఎక్కువ కాలం బతికేవి కావు. రేడియేషన్ ఇచ్చి పెరుగుదల ఆపేసిన ఎలుక కణాలను అడుగున పరిచి, వాటిపై చర్మకణాలను వేస్తే అవి వరసపెట్టి విభజన చెందాయి. మూడు చదరపు సెంటీమీటర్ల చర్మం మూడు నాలుగు వారాల్లో పెద్దమనిషి ఒళ్లంతా కప్పేటంత విస్తరించింది. 1983లో వయోమింగ్ రాష్ట్రంలో ఒళ్లు 95 శాతానికి పైగా కాలిపోయిన ఇద్దరు అన్నదమ్ములను, పసివాళ్లను, బోస్టన్‌లో ఈ పద్ధతితోనే బతికించారు. ఆ చర్మానికి వెంట్రుకలు మొలవవు, చెమట పట్టదు. ప్రాణం మాత్రం నిలిచింది.

చర్మంలో రెండు అంతస్తులున్నాయి. పైది నిత్యం రాలిపోతూ కొత్తగా పుట్టే పొర, గ్రీన్ పెంచింది దాన్నే. కింద ఉన్నది ఫైబ్రోబ్లాస్టులనే కణాలు అల్లిన దిట్టమైన నేత. 2006లో షిన్యా యమనక క్యోటోలో ఎలుకల ఫైబ్రోబ్లాస్టులు తీసుకుని వాటిలోకి నాలుగు జన్యువులను పంపాడు. అవి తాము చర్మమన్న సంగతే మరిచిపోయి, పిండంలో తొలినాటి కణాల్లా తయారయ్యాయి. మరుసటి ఏడాది మనిషి చర్మంతోనూ అదే జరిగింది. వాటికి ఐపీఎస్ కణాలని పేరు. గుండె, నరం, కంటిపొర, ఏదిగా కావాలంటే దానిగా మలచవచ్చని ఆశ పుట్టింది. 2012లో జాన్ గర్డన్‌తో కలిపి ఆయనకు నోబెల్ వచ్చింది. గ్రీన్ కణాన్ని దాని స్వభావంలోనే ఉంచి సంఖ్య పెంచాడు. యమనక దాని స్వభావాన్నే మాపాడు. కోబె నివేదిక యమనక దారిలో నడిచింది. హైదరాబాద్ నివేదిక గ్రీన్ వంశానికి చెందింది. షీలా మెక్‌నీల్ పేరు అక్కడ కనబడటం కూడా వింత కాదు, ప్రయోగశాలలో చర్మాన్ని పెంచడమే ఆమె రంగం.

కంటికీ చర్మానికీ చుట్టరికం ఎక్కడ? నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర కార్నియా. దాని పై వరస కూడా చర్మపు పైపొర లాగే అరిగిపోతూ, మళ్లీ పుడుతూ ఉంటుంది. ఆ పుట్టించే మూలకణాలు మధ్యలో ఉండవు. నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే సన్నని అంచులో, డాక్టర్లు లింబస్ అనే చోట ఉంటాయి. న్యూయార్క్‌లో తుంగ్ టియెన్ సన్ బృందం 1986లో దీనికి ఆధారం చూపింది. ఇటలీలో గ్రజియెల్లా పెల్లెగ్రీని, మికెలె డి లూకా 1997లో గ్రీన్ పద్ధతినే లింబస్ కణాలకు వాడి ఇద్దరు రోగులకు చికిత్స చేశారు. ఆ దారిలో వచ్చిన హోలోక్లార్ 2015లో ఐరోపాలో అనుమతి పొందింది. అక్కడ అమ్మకానికి అనుమతి దక్కిన మూలకణ ఔషధాల్లో అదే మొదటిది.

ఇప్పుడు మన నేల మీదికి వద్దాం. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సున్నం లేని ఇల్లు లేదు, సున్నం తగలని పని లేదు. తమలపాకులోకి సున్నం, పొగాకులోకి సున్నం, గోడకు సున్నం. కృష్ణ ఒడ్డున వాడపల్లి, మఠంపల్లి, మేళ్లచెరువుల్లో సిమెంటు ఫ్యాక్టరీలు. పాలమూరు నుంచి మేస్త్రీల వెంట దేశమంతా వలసపోయిన కూలీల చేతుల్లోనూ సిమెంటే. ఫ్లోరైడు నీళ్లను శుద్ధిచేసేందుకు నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో రూపొందించిన పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అని మన జిల్లా పేరే పెట్టారు. దాంట్లోనూ పటికతోపాటు వేసేది సున్నమే. (ఫ్లోరైడు వల్ల వంకరపోయిన కాళ్ల గురించి, ఎముకల గురించి రాసినంతగా మన పత్రికలు సున్నం మింగేసిన కళ్ల గురించి రాయలేదు.) చిన్న పిల్లలు సున్నం ప్యాకెట్‌ను నొక్కి చిట్లిస్తే అది సూటిగా కంట్లో పడిన సంఘటనలు డాక్టర్ల నివేదికల్లో మళ్లీమళ్లీ కనిపిస్తాయి.

సున్నం యాసిడ్ కంటే చెడ్డది. యాసిడ్ కంటి పైభాగంలోని మాంసకృత్తులను గడ్డకట్టించి, ఆ గడ్డ దగ్గరే ఆగిపోతుంది. క్షారం కణాల కొవ్వు పొరను కరిగించుకుంటూ లోపలికి దిగుతూనే ఉంటుంది. ఆ దెబ్బకు లింబస్ మూలకణాలు చచ్చిపోతే నల్లగుడ్డుకు కాపలా పోతుంది. తెల్లగుడ్డు మీది పొర రక్తనాళాలతో సహా పాకి వచ్చి కార్నియాను కమ్మేస్తుంది. ఊళ్లో దీన్నీ కంట్లో పువ్వు పడిందనే అంటారు. ఇలాంటి కంటికి నేత్రదానంతో వచ్చిన కార్నియా వేసినా నిలవదు. పై వరసను నిత్యం పుట్టించే అంచు చచ్చిపోయాక కొత్త పొర వేసి లాభం లేదు. నేత్రదానం చేస్తే అన్ని గుడ్డి కళ్లకూ చూపొస్తుందని మనం నమ్ముతున్నంత కాలం ఈ రోగి ఎవరి లెక్కలోకీ రాడు.

లెక్క అసలు లేకపోలేదు. 1996 నుంచి 2000 దాకా ఎల్.వి. ప్రసాద్ సంస్థ చేసిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనంలో 10,293 మందిని పరీక్షించారు. పల్లె ప్రాంతాలుగా ఎంచుకున్న మూడింటిలో మహబూబ్‌నగర్ జిల్లా ఒకటి. కార్నియా పాడై కనీసం ఒక కన్ను పోయినవాళ్లలో నాలుగో వంతుకు పైగా గాయాలవల్లనే అని తేలింది. నాగర్‌కర్నూల్ దగ్గరి తూడుకుర్తిలో ఆ సంస్థకు గ్రామీణ కంటి ఆస్పత్రి కూడా ఉంది. అంటే ఈ పరిశోధన బంజారాహిల్స్‌లో జరిగినా, దాని రోగి ఎవరో దాన్ని చేసినవాళ్లకు ముందే తెలుసు. అది నివేదికలోనూ కనబడుతుంది.

2001లో సాంగ్వాన్, గీతా వేముగంటి తదితరులు లింబస్ కణాలను పెంచి నాటడం మొదలుపెట్టినప్పుడు ఇటలీవాళ్ల ఎలుక కణాలను పక్కనపెట్టారు. కాన్పులో వచ్చే మాయ నుంచి ఉమ్మనీటి సంచి పొరను శుభ్రపరిచి, దాని మీద మంచి కంటి నుంచి తీసిన చిన్న ముక్కను ఉంచి, పది పద్నాలుగు రోజులు ప్రయోగశాలలో పెంచేవారు. పొర మీద కణాలు పరుచుకున్నాక దాన్ని పాడైన కంటికి వేసేవారు. 2006లో సాంగ్వాన్‌కు శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమతి వచ్చింది. 2011లో 200 కళ్ల ఫలితాలు ప్రకటించారు. 71 శాతం విజయం. అప్పటికి ఒకే చోట చేసిన ఇలాంటి ఆపరేషన్ల సంఖ్యలో ఇది చాలా పెద్దది.

మరొకరైతే అక్కడే ఆగి, ఆ ప్రయోగశాలను ఇంకా పెద్దది చేసేవారు. వీళ్లు మరుసటి ఏడాదే ప్రయోగశాల అక్కర్లేదని రాశారు. నేను ఈ నివేదికను మెచ్చుకునేది అందుకే. పదేళ్లు చెమటోడ్చి కట్టిన పద్ధతిని, బహుమతి తెచ్చిన పద్ధతిని, తమ చేతులతోనే పక్కకు తోసేయగల శాస్త్రవేత్తలు అరుదు. అదే ఉమ్మనీటి పొర, అదే రెండు మిల్లీమీటర్ల ముక్క. ఈసారి ముక్కను ఎనిమిది నుంచి పది తునకలు చేసి, పాడైన కంటి మీద కమ్మేసిన పొరను ఒలిచి, ఉమ్మనీటి పొరను ఫైబ్రిన్ జిగురుతో అతికించి, దాని మీద తునకలను నడిమి చూపు భాగాన్ని వదిలి చుట్టూ అమర్చారు. పైన మెత్తని కాంటాక్ట్ లెన్స్. కణాలు కంట్లోనే పెరిగాయి. నారుమడిలో పెంచి నాటే వరికీ, పొలంలోనే వెదజల్లే వరికీ ఉన్న తేడా లాంటిదే ఇది. నారుమడి ఖర్చు మిగిలింది, పంట తగ్గలేదు. ఆరు కళ్లకూ ఆరు వారాల్లోపు పై వరస పూర్తిగా కమ్ముకుంది. నలుగురికి చూపు 20/60 స్థాయికో అంతకంటే మెరుగ్గానో వచ్చింది. ఆపరేషన్‌కు ముందు ఆ ఆరుగురిలో ఏ ఒక్కరికీ ఆ కంటితో 20/200 కూడా లేదు. ముక్క ఇచ్చిన మంచి కళ్లకు ఏమీ కాలేదు. ఈ పద్ధతిని స్లెట్ అంటున్నారు.

ఆరుగురి మీద ఇంత తీర్పా అని అడగవచ్చు. సరైన ప్రశ్నే. 2016లో అదే బృందం 125 మంది ఫలితాలు బయటపెట్టింది. అందులో 60 మంది పిల్లలు. 76 శాతం కళ్లు నిలబడ్డాయి. ప్రయోగశాలలో పెంచిన ఇటలీ పద్ధతికి 112 మంది మీద 2010లో వచ్చిన ఫలితం కూడా దాదాపు అంతే, 76.6 శాతం. రోగులూ వేరు, గమనించిన కాలమూ వేరు కాబట్టి రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి ఒకటి గెలిచిందనడం నాకు ఇష్టం లేదు. కానీ ప్రయోగశాల తీసేసినంత మాత్రాన నష్టం జరగలేదని అనడానికి ఇది చాలు. నాగర్‌కర్నూల్ నుంచి వచ్చే కూలీకి ఈ తేడా అంకెలో ఉండదు. పాత పద్ధతికి రెండు ఆపరేషన్లు, మధ్యలో రెండు వారాలు, రెండుసార్లు పట్నం రాకపోకలు, వెంట వచ్చే మనిషి కూలీ కూడా పోవడం. కొత్తదానికి ఒకే ఆపరేషన్. క్రిములు చొరబడని గదులూ, పెంపకం తెలిసిన సిబ్బందీ అక్కర్లేదు కాబట్టి ప్రయోగశాల లేని ఊళ్లలోనూ శిక్షణ పొందిన కార్నియా సర్జన్ దీన్ని చేయగలడు. అనేక దేశాల్లో చేస్తున్నారు కూడా.

ఇక కోబె నివేదిక. రోగి 70 ఏళ్లు దాటిన స్త్రీ. వయసుతో వచ్చే మాక్యులా క్షీణత. అంటే కంటి వెనక రెటీనా నడిమి భాగం చెడే జబ్బు. ఆమె చర్మం నుంచి చిన్న ముక్క తీసి, ఫైబ్రోబ్లాస్టులను ఐపీఎస్ కణాలుగా మార్చి, వాటిని రెటీనా వెనక ఉండే రంగుకణాల పొరగా మలచి, 1.3 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల పొడవున్న రేకును కంట్లో ఉంచారు. ఆమె చూపు మెరుగవలేదు, దిగజారనూ లేదు. కణితి పుట్టలేదు. ఆ రేకు అక్కడే నిలిచింది. రెండో రోగికి కూడా కణాలు తయారుచేశారు, కానీ వాటి జన్యుపదార్థంలో మార్పులు కనబడటంతో ఆపేశారు.

నివేదికగా ఇది నిజాయితీ గలది. బాగుపడ్డారని ఎక్కడా గొప్పలు పోలేదు. ఆపేసిన రోగి సంగతి దాచలేదు. యమనక వాడిన నాలుగు జన్యువుల్లో ఒకటి క్యాన్సర్‌తో సంబంధం ఉన్నది. అందుకే వాళ్లు అంత భయపడ్డారు, భయపడటం తమ విధి అనుకున్నారు. తప్పు నివేదికది కాదు, దాన్ని చదివినవాళ్లది. సురక్షితమా అని పరీక్షించిన ఒక్క ఆపరేషన్‌ను చూపు తెచ్చిన చికిత్సగా చదివేశారు. మన తెలుగు పత్రికలూ చర్మంతో కళ్లు అని రాసి వదిలేశాయి.

ఈ పోలికకు ఒక అభ్యంతరం ఉంది. ఒకటి కంటి ముందు పొర జబ్బు, ఒకటి కంటి వెనక పొర జబ్బు. రెటీనాకు లింబస్ లాంటి తయారు అంచు దొరకదు, కాబట్టి కోబెవాళ్లకు దగ్గరి దారి లేనేలేదు. ఒప్పుకుంటాను. అందుకే జపాన్‌దే మరో పనిని పక్కన పెట్టాలి. ఒసాకాలో కోజీ నిషిదా బృందం 2019 నుంచి ఐపీఎస్ కణాల నుంచి కార్నియా పై వరసను తయారుచేసి, లింబస్ పాడైన రోగులకే వేసింది. 2024లో లాన్సెట్‌లో నలుగురి ఫలితాలు వచ్చాయి. నలుగురికీ జబ్బు తీవ్రత తగ్గింది. ముగ్గురికి మంచి మార్పు నిలిచింది, నాలుగో వ్యక్తికి వచ్చిన మెరుగు అంతగా నిలవలేదు. ఇది అదే జబ్బు, అదే పొర. ఇక్కడ పోలిక న్యాయమైనదే.

ఈ పోలికలో హైదరాబాద్ దారి ఒకచోట ఆగిపోతుంది. స్లెట్‌కు ఒక మంచి కన్ను ఉండాలి. బట్టీ దగ్గరో, సున్నం గుంటలోనో రెండు కళ్లూ కాలిపోయిన మనిషికి తన సొంత తునక ఎక్కడ దొరుకుతుంది? బంధువుల కంటి అంచు నుంచో, చనిపోయిన దాత కంటి నుంచో తీసి వేయవచ్చు. అప్పుడు ఒళ్లు దాన్ని తిప్పికొట్టకుండా మందులు వాడుతూనే ఉండాలి. ఆ మందులు కిడ్నీలకు చేటు, రక్తపరీక్షలకు మళ్లీ పట్నం, మందుల ఖర్చు సరేసరి. పాలమూరు కూలీ ఎన్నాళ్లు వాడగలడు? మానేసిన నాడు కన్ను మళ్లీ పోతుంది. ఈ రోగి కోసమే యమనక దారి తెరిచి ఉండాలి. తన చర్మం నుంచే తన కార్నియా పై వరస వస్తే తిరస్కరణ బెడద తగ్గుతుంది. నిషిదా వాడినవి దాత కణాలే కాబట్టి అక్కడిదాకా ఇంకా ఎవరూ చేరలేదు. హైదరాబాద్ ఈ దారిని కాదనలేదు. ఎల్.వి. ప్రసాద్ సంస్థలో ఇందుమతి మరియప్పన్ బృందం ఐపీఎస్ కణాల నుంచి బుల్లి కార్నియా రూపాలను పెంచి 2017లోనే డెవలప్‌మెంట్ పత్రికలో ప్రకటించింది. ఒక కన్ను ఉన్నవాళ్లకు తునకలు, రెండు కళ్లూ లేనివాళ్లకు ప్రయోగశాల అన్న ఈ విభజనే నాకు సరైన క్రమంగా కనబడుతుంది. ఒక కన్ను మిగిలిన రోగికి కోట్లు పెట్టి ఐపీఎస్ చేయడం దండగ.

చర్మం సంగతి ఎత్తి, కాలిన చర్మాన్ని మరవకూడదు. గ్రీన్ పద్ధతి కళ్లదాకా వచ్చింది గానీ మన కాలిన గాయాల వార్డుల్లోకి రాలేదు. ఇప్పటికీ తొడ నుంచి పలుచని పొర తీసి వేయడమే జరుగుతుంది. తొడ కూడా కాలిపోతే దాత చర్మంతో తాత్కాలికంగా కప్పాలి. దాని కోసం ఉస్మానియా ఆస్పత్రిలో 2022లో చర్మనిధి ఏర్పాటైంది. చనిపోయినవాళ్ల తొడల నుంచి, వీపు నుంచి చర్మం తీసి భద్రపరుస్తారు. నేత్రదానం గురించి తెలిసినంతగా చర్మదానం గురించి మన జిల్లాల్లో ఎవరికీ తెలియదు.

ఈ రెండు దారుల పేరు చెప్పుకుని మూడో దుకాణం నడుస్తోంది. మూలకణాలతో మోకాళ్ల నొప్పులు, పిల్లల్లో ఆటిజం, వెన్నుపూస దెబ్బలు, షుగర్ అన్నీ నయం చేస్తామనే ప్రకటనలు మన పట్టణాల్లో గోడల మీదా, ఫోన్లలోనూ కనిపిస్తాయి. ఫ్లోరోసిస్‌తో వంగిపోయిన ఎముకలకు కూడా ఇదే చికిత్స అని ఎవరైనా నమ్మబలికితే నల్లగొండలో గిరాకీకి కొదవ ఉండదు. హైదరాబాద్, కోబె నివేదికల్లో ఉన్నవేవీ ఈ దుకాణాల్లో ఉండవు. ఎన్ని కళ్లు నిలబడలేదో చెప్పే అంకె ఉండదు, ఆపేసిన రెండో రోగి ఉండడు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, రక్తసంబంధ జబ్బులకు చేసే ఎముకమజ్జ మార్పిడి లాంటివి తప్ప మిగతా మూలకణ చికిత్సలను అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌గానే చేయాలి. ఆ ట్రయల్ దేశ రిజిస్ట్రీలో, అంటే సీటీఆర్ఐలో, నమోదై ఉండాలి. పాల్గొన్న రోగి దగ్గర చికిత్సకు డబ్బు తీసుకోకూడదు.

ఇక మళ్లీ మన జిల్లాల జనం దగ్గరికి వద్దాం. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. పేదవాడి ఆపరేషన్‌కు ప్రభుత్వం డబ్బు కడుతుందని తెలుగు నేలమీద తొలిగా విన్న జనంలో వీళ్లూ ఉన్నారు. ఆ జనంతోనే ఈ మాట చెప్పాలి. సున్నం పడ్డ కంటిని ఉన్నచోటనే, ఉన్న మంచినీళ్లతోనే అరగంట సేపు ఆపకుండా కడగండి. పసరూ తల్లిపాలూ పోయకండి. కడిగాకే బస్సెక్కి కార్నియా డాక్టర్ ఉన్న ఆస్పత్రికి వెళ్లండి. రెండో కన్ను బాగుంటే స్లెట్ గురించి అడగండి. మూలకణాలతో మోకాలు నయం చేస్తానన్నవాడిని సీటీఆర్ఐ నంబరు అడగండి. నంబరు చెప్పకుండా రేటు చెబితే లేచి వచ్చేయండి.